ముందు నీళ్లు, తర్వాతే నూనె

మన బడి ఎన్‌సీసీ ట్రూప్ గురించి రాయమంటే అందరూ పెరేడ్ గురించో, క్యాంపు పూరీల గురించో రాస్తారు. నేను రైఫిల్ తుడవడం గురించి రాస్తాను. కాల్చింది గుప్పెడు తూటాలు, తుడిచింది మాత్రం పొద్దుగూకేదాకా.

పాయింట్ టూటూ (.22) అనే చిన్న రైఫిల్‌కి ఇంత తంతు లేదు. పెద్ద రైఫిల్ త్రీనాట్‌త్రీ (.303) కాల్చిన రోజే తిప్పలన్నీ. ఉత్తరాది నుంచి వచ్చిన హవల్దార్‌ని ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన తూటాను వెనక నుంచి మూసి పట్టే బోల్టు తీయించి, లంగరు (క్యాంపు వంటశాల) గుండిగలోంచి సలసల కాగే నీళ్లు తెప్పించేవాడు. తూటా కూర్చునే చేంబర్‌లో గరాటు పెట్టి, గొట్టం మూతి బకెట్లోకి వంచి పొయ్యాలి. ఇనుముకి నీళ్లేందిరా నాయనా అనుకునేవాళ్లం. ఇంట్లో కత్తిపీట తడిగా వదిలితేనే అమ్మ ఊరుకునేది కాదు! "పహలే పానీ, బాద్ మే తేల్" అనడమే తప్ప, ఎందుకో ఆయన చెప్పలేదు.

చెప్పింది మన సైన్సు మాస్టారు. పొటాషియం క్లోరేట్‌లో మాంగనీస్ డయాక్సైడ్ కలిపి, వేడిచేసి ఆక్సిజన్ పట్టిన ప్రయోగం గుర్తుందా? ఆక్సిజన్ పోయాక ఆ క్లోరేట్ పొటాషియం క్లోరైడ్‌గా మిగులుతుంది. పాతకాలం తూటా అడుగున మందును అంటించే క్యాప్‌లో ఉండేదీ ఆ క్లోరేటే. పేలాక అదే ఉప్పు గొట్టం లోపలంతా అంటుకుంటుంది. "మీ నాయన చేలో చల్లే పొటాష్ ఎరువే రా అది" అన్నారు మాస్టారు. వానల్లో పొటాష్ బస్తా ఎట్లా చెమ్మగిల్లి గడ్డకడుతుందో మాకు వేరే చెప్పాలా? అందులోనూ మాది ఇస్కపల్లి వైపు. ఉప్పు కొటార్ల గాలికి తలుపు గొళ్లేలే నిలవవు. నెల్లూరు జిల్లాకి అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లో. మా క్యాంపులూ సరిగ్గా అప్పుడే!

ఆ ఉప్పు నూనెలో కరగదు. ముందే నూనె పూస్తే పైన నిగనిగలాడుతుంది, అడుగున తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. కరిగించేది నీళ్లే. మరిగే నీళ్లయితే గొట్టం వేడెక్కి తడి త్వరగా ఆరుతుంది.

ఆ తర్వాత ఫుల్‌త్రూ, అంటే కొసన ఇత్తడి గుండు ఉన్న తుడిచే తాడు. ఆ గుండును చేంబర్ వైపు నుంచి జారవిడిచి, తాడు మూతి అంచుకు రాసుకోకుండా ఒక్క గుంజున లాగాలి. ఆ అంచు అరిగితే గురి చెడుతుంది. తాడుకు తగిలించిన చిందీ (గుడ్డపీలిక) తెల్లగా వచ్చేదాకా లాగి, అప్పుడు నూనె చిందీ. బోల్టు ముందు భాగాన్ని చాలామంది మరిచిపోయేవాళ్లు. క్యాప్ పేలేది దానికి ఆనుకునే కదా, ఉప్పు అక్కడా ఉంటుంది. తనిఖీకి ఉస్తాద్ చేంబర్ దగ్గర బొటనవేలి గోరు ఆనించి, మూతిలోంచి చూసేవాడు. బోల్టు పక్కన పెట్టి ఉంటేనే సుమా. గోటి మీద పడ్డ వెలుతురుకి లోపలి మెలి గాడులు మెరవాలి. మసకగా కనిపిస్తే మళ్లీ మొదటికి. మర్నాడు ఇంకోసారి చూపించాలి, ఎందుకంటే మిగిలిపోయిన ఉప్పు రాత్రి చెమ్మకే బయటపడుతుంది.

ఇప్పటి తూటాల్లో చాలావాటికి క్లోరేట్ క్యాపులు లేవు. మన బ్యాచ్‌లో పోలీసు ఉద్యోగానికి వెళ్లినవాణ్ణి ఆ మధ్య ఒంగోలు పెళ్లిలో అడిగాను. "మరిగే నీళ్లు ఇప్పుడెవరు పోస్తార్రా? చిందీ మాత్రం మమ్మల్ని వదల్లేదు" అన్నాడు.