ప్లానార్ హైబ్రిడ్‌కు ట్యూబ్ ఆంప్: వాట్ల లెక్క నుంచి బయాంపింగ్ దాకా

స్పీకర్లు ఖరారు: ఎమినెంట్ టెక్నాలజీ ఎల్‌ఎఫ్‌టి-8బి. పైన ప్లానార్ ప్యానెల్ (పల్చటి పొర కదిలి ధ్వనినిచ్చే చదునైన పలక), కింద మూసిన పెట్టెలో 8 అంగుళాల వూఫర్, రెండింటి మధ్య క్రాసోవర్, అంటే స్వరాలు వాటి మధ్య విడిపోయే చోటు, 180 హెర్ట్జ్ దగ్గర. ఇంపీడెన్స్ 8 ఓమ్‌లు, సెన్సిటివిటీ (ఒక వాట్‌కు ఒక మీటర్ దూరంలో వచ్చే ధ్వని) 83 డెసిబెల్స్. ఈ చివరి అంకె చూసే చాలామంది ట్యూబ్ ఆంప్ (వాక్యూమ్ ట్యూబ్‌లతో నడిచే యాంప్లిఫయర్) ఆలోచన మానుకుంటారు. మానుకోనక్కర్లేదు గానీ, ఒక్కో చానెల్‌కు ఒక్క 300బి ట్యూబ్‌తో నడిచే 8 వాట్ల సింగిల్ ఎండెడ్ ఆంప్ మీద మోజు మాత్రం ఇక్కడే వదిలేయాలి.

కుర్చీ 3 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. ఖాళీ మైదానంలో అయితే అంత దూరానికి 9.5 డెసిబెల్స్ పోతాయి. గదిలో గోడల వల్ల, ప్యానెల్ పొడవు వల్ల అంత పోదు. 6 పోతుందని వేసుకుంటే చాలు. రెండు స్పీకర్లు కలిస్తే 3 తిరిగి వస్తుంది. అంటే ఒక్కో స్పీకర్‌కు 35 వాట్లిస్తే కుర్చీ దగ్గర గరిష్ఠం 95, 60 వాట్లకు 98, 100 వాట్లకు 100 డెసిబెల్స్. సగటు 80 దగ్గర వినేవాళ్లకు, బాగా కుదించి రికార్డు చేసిన పాటల్లో శిఖరాలు 90 దాటవు కాబట్టి 35 వాట్లు సరిపోతాయి. పియానో, డ్రమ్స్, ఆర్కెస్ట్రాల్లో శిఖరాలు సగటు కన్నా 15 నుంచి 20 డెసిబెల్స్ పైకి లేస్తాయి. అక్కడ 35 వాట్లిచ్చే ఈఎల్34 ట్యూబ్‌ల జత చేతులెత్తేస్తుంది.

స్పెక్ షీట్ చదివేటప్పుడు ఒక మెలిక ఉంది. 4 ఓమ్‌ల ప్యానెల్‌కు 2.83 వోల్టుల దగ్గర 86 అని రాసి ఉంటే, అది 2 వాట్లకు వచ్చిన అంకె. ఒక వాట్‌కు 83 మాత్రమే.

రెండేసి ట్యూబ్‌లు జతగా పనిచేసే పుష్‌పుల్‌లో ఒక జత కేటీ88 ట్యూబ్‌లతో 50 నుంచి 60 వాట్లు హాయిగా వస్తాయి, రెండు జతలతో 100. ఒక జత కేటీ88 చాలని తేల్చడానికి కారణం స్పీకర్ వెనకున్న రెండు జతల టెర్మినళ్లు: ప్యానెల్‌కు ట్యూబ్, వూఫర్‌కు 150 వాట్ల సాలిడ్ స్టేట్ (ట్రాన్సిస్టర్) ఆంప్. ఇలా రెండు ఆంప్‌లు వాడటమే బయాంపింగ్. ఆ రెండు జతలను కలిపే జంపర్లు (లోహపు ముక్కలు) ముందే తీసేయాలి. మరచిపోతే రెండు ఆంప్‌ల ఔట్‌పుట్లు ఒకదానికొకటి తగులుకుంటాయి, మొదట పోయేది సాలిడ్ స్టేట్‌దే.

వూఫర్‌ను ట్యూబ్‌కు ఎందుకు వదలలేదంటే, ఔట్‌పుట్ ఇంపీడెన్స్ (ఆంప్ ఔట్‌పుట్‌లోని సొంత నిరోధం) వల్ల. దాన్ని కొలవడం సులువే. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ 8 ఓమ్‌ల ట్యాప్‌కు (స్పీకర్ తీగ తగిలించే చోటు) 50 వాట్ల వైర్‌వౌండ్ 8 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు సిరీస్‌లో కట్టి 200 హెర్ట్జ్ సైన్ పంపితే 2.95 వోల్టులు, ఒక్క రెసిస్టర్‌తో 2.80. తేడా 0.15 వోల్టు, కరెంటు తేడా 0.166 ఆంపియర్, భాగిస్తే 0.9 ఓమ్. 1 కిలోహెర్ట్జ్ వాడకపోవడం కావాలనే: చవక మల్టీమీటర్లు అక్కడ తప్పు చూపిస్తాయి. లోడ్ లేకుండా కొలిచే పద్ధతి పుస్తకాల్లో ఉంటుంది, ట్యూబ్ ఆంప్‌కు అది వద్దు. సిగ్నల్ ఉండగా లోడ్ లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆర్కింగ్ వచ్చే ప్రమాదముంది. ఈ 0.9 ఓమ్‌తో వూఫర్ రెజొనెన్స్ దగ్గర బేస్ దాదాపు ఒక డెసిబెల్ ఉబ్బుతుంది, పట్టు సడలుతుంది. ప్లానార్ మాగ్నెటిక్ ప్యానెల్ దాదాపు శుద్ధ రెసిస్టర్, దానికి ఇదేమీ పట్టదు. ఎలక్ట్రోస్టాటిక్ హైబ్రిడ్ అయితే కథ వేరు: 20 కిలోహెర్ట్జ్ దగ్గర లోడ్ 1 ఓమ్‌కు పడిపోతే ఇదే ఆంప్ అక్కడ 4 డెసిబెల్స్‌కు పైగా కోల్పోతుంది. వాళ్లు 4 ఓమ్‌ల ట్యాప్ వాడాలి, కొంత పవర్ తగ్గినా సరే.

బయాంపింగ్ చేస్తే ట్యూబ్ మీద భారం తగ్గుతుందన్నది సగం నిజమే. కరెంటు తగ్గుతుంది, వోల్టేజీ తగ్గదు. కిక్ డ్రమ్ మొత్తాన్ని ఆంప్ ఇంకా పెంచుతూనే ఉంటుంది, క్లిప్పింగ్ (హద్దు దాటి శిఖరాలు తెగిపోవడం) మునుపటి చోటే వస్తుంది. ఆంప్ ఇన్‌పుట్‌లోనే బేస్ కోయాలి. ఇన్‌పుట్ ఇంపీడెన్స్ 100 కిలోఓమ్‌లు ఉంటే 0.022 మైక్రోఫారడ్ పాలీప్రొపిలీన్ కెపాసిటర్ సిరీస్‌లో పెడితే 72 హెర్ట్జ్ నుంచి కోత మొదలవుతుంది. 50 హెర్ట్జ్ దగ్గర 5 డెసిబెల్స్ మిగులు. 180 దగ్గర నష్టం 0.6 మాత్రమే, ఫేజ్ (తరంగం ముందుకో వెనక్కో జరగడం) 22 డిగ్రీలు కదులుతుంది. ఇంకా పైకి జరిపితే ఫేజ్ చెడి క్రాసోవర్ దగ్గర గుంట పడుతుంది.

తర్వాత గెయిన్, అంటే ఆంప్ సిగ్నల్‌ను ఎంత పెంచుతుందన్నది. అది రెండు ఆంప్‌లలో సమానంగా ఉండాలి. ట్యూబ్ ఆంప్ 29 డెసిబెల్స్, సాలిడ్ స్టేట్ 26. ఆ మూడు తగ్గించడానికి 39 కిలోఓమ్‌ల రెసిస్టర్ కెపాసిటర్ తర్వాత సిరీస్‌లో చేరింది. కెపాసిటర్ చూసే రెసిస్టెన్స్ ఇప్పుడు 139 కిలోఓమ్‌లు, 0.022 అలాగే ఉంచితే కోత 52 హెర్ట్జ్‌కు జారుతుంది, అందుకే 0.015కు మార్చాలి. రెసిస్టర్ కేబుల్ చివర, ఆంప్ వైపు ప్లగ్‌లోనే ఉండాలి. సోర్స్ వైపు పెడితే కేబుల్ కెపాసిటెన్స్ కూడా చేరి పై స్వరాలు మందగిస్తాయి.

బయాస్, అంటే సిగ్నల్ లేనప్పుడు ట్యూబ్‌లో పారే కరెంటు: 450 వోల్టుల ప్లేట్ మీద ఒక్కో కేటీ88కు 50 మిల్లీఆంపియర్లు. కాథోడ్‌లోని 10 ఓమ్‌ల రెసిస్టర్ మీద 0.5 వోల్టు కనబడాలి. 22.5 వాట్లవుతుంది, ట్యూబ్ హద్దు 42. అరగంట వేడెక్కాక మళ్లీ చూడాలి. లోపల చేయి పెట్టేముందు ఫిల్టర్ కెపాసిటర్లు ఖాళీ అయ్యాయని మీటర్‌తో కొలిచి తేల్చుకోవాలి.

గట్టి దెబ్బ తర్వాత క్షణం సేపు ధ్వని నలిగినట్టు వినిపిస్తే అది పవర్ చాలకపోవడమే కాదు, బ్లాకింగ్ కూడా. ఔట్‌పుట్ గ్రిడ్ కరెంటు లాగి కప్లింగ్ కెపాసిటర్‌ను ఛార్జ్ చేస్తుంది, 0.22 మైక్రోఫారడ్, 220 కిలోఓమ్‌లతో కోలుకునే టైమ్ కాన్‌స్టంట్ 48 మిల్లీసెకన్లు. 0.1కు మారిస్తే 22. బేస్ ముందే కోశాం కాబట్టి పోయేదేమీ లేదు.

మిగిలింది పొలారిటీ, అంటే ప్లస్, మైనస్ తీగల దిశ. జంపర్లు ఉండగా, ఒకే ఆంప్‌తో 100 నుంచి 300 హెర్ట్జ్ మధ్య మైక్‌తో తీసిన గ్రాఫ్ దాచి పెట్టి ఉంది. బయాంపింగ్‌లో వచ్చే గ్రాఫ్ దానికి సరిపోకుండా 180 దగ్గర గుంట చూపిస్తే ప్యానెల్ తీగలు తిరగేయాలి. కొన్ని ట్యూబ్ ఆంప్‌లు సిగ్నల్‌ను తలకిందులు చేస్తాయి, అది ఒక్కోసారి మాన్యువల్‌లో రాసి ఉండదు.