నేనూ నవ్వాను

పదకొండు దాటింది. ఈయన ఎప్పుడో పడుకున్నారు. మధ్యాహ్నం తలా ఓ వంట తెచ్చుకున్న పాట్‌లక్‌లో ఆ అన్నయ్యగారు అన్న మాట నాకింకా చెవిలోనే ఉంది.

"చిన్నాడు జిమ్ మాస్టరు అవుతాడటగా చెల్లెమ్మా? ఇంత దూరం వచ్చింది ఇందుకా?"

అందరూ నవ్వారు. పులిహోర గిన్నె చేత్తో పట్టుకుని నేనూ నవ్వాను. పక్కనే పేపర్ ప్లేట్లు సర్దుతున్న మా చిన్నాడు విన్నాడు. ఏమీ అనలేదు. దారంతా కారులో కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

జిమ్ మాస్టరు కాదు, స్ట్రెంగ్త్ కోచ్. ఆటగాళ్ళ చేత బరువులెత్తించి, కసరత్తు చేయించి ఆటకి ఒళ్ళు సిద్ధం చేసేవాడు. అదీ అమెరికాలో నెబ్రాస్కా యూనివర్సిటీ ఉన్న ఈ లింకన్‌లో ఉంటూ అనడమేంటి? కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆ ఉద్యోగానికి ఓ రూపం వచ్చిందే ఈ ఊళ్ళో. 1969లో బాయిడ్ ఎప్లీ అనే పోల్‌వాల్ట్ కుర్రాడు నడుం దెబ్బతిని, బరువులెత్తి బాగుచేసుకుంటున్నాడు. దెబ్బలు తగిలిన ఫుట్‌బాల్ పిల్లలూ అతనితో చేరారు. అది అసిస్టెంట్ కోచ్ టామ్ ఆస్బర్న్ కంటబడింది. బరువులెత్తితే ఒళ్ళు బిగిసి పరుగు తగ్గుతుందని అప్పట్లో అందరికీ భయం. అయినా హెడ్ కోచ్ బాబ్ డివేనీ ఒప్పుకున్నాడు. 1970, 71 రెండేళ్ళూ నెబ్రాస్కా జట్టే జాతీయ ఛాంపియన్. 1978లో ఈ కోచ్‌ల జాతీయ సంఘాన్ని మొదలుపెట్టిందీ ఎప్లీయే.

ఇవన్నీ అక్కడ చెప్పాల్సిన మాటలు. ఇంటికొచ్చి గిన్నెలు తోముతుంటే గుర్తొచ్చాయి.

తోముతుంటేనే మా డ్రిల్లు మాస్టారు కూడా గుర్తొచ్చారు. ఎనిమిదో తరగతి. ఆగస్టు పదిహేనుకి మార్చ్‌పాస్ట్ ప్రాక్టీసు, ఉక్కపోత, చెమటకి జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. నాకు కళ్ళు బైర్లు కమ్మి పడిపోయాను. మాస్టారు ఈల పారేసి, నన్ను ఎత్తుకుని బోరింగు దగ్గరికి పరిగెత్తారు. ఇద్దరు పిల్లలు పంపు కొడుతుంటే నా తల నీళ్ళ కింద పెట్టి పట్టుకున్నారు. ఆయన చెయ్యి వణకడం నా మెడకి తెలిసింది. ఆ రోజు నుంచి పరుగుకి ముందు లైన్లో నిలబెట్టి ఒక్కొక్కరి మొహం చూసేవారు. "నువ్వు కూర్చో" అంటే కూర్చోవాల్సిందే. మేమేమో ఆయన పీరియడ్‌ని పీరియడ్‌గానే లెక్కెయ్యలేదు.

2018 మేలో మేరీల్యాండ్ యూనివర్సిటీలో జోర్డన్ మెక్‌నేర్ అనే పందొమ్మిదేళ్ళ ఫుట్‌బాల్ ఆటగాడు పరుగుల ప్రాక్టీసులో వడదెబ్బ తిని, రెండు వారాలకి చనిపోయాడు. వెంటనే చల్లటి నీళ్ళల్లో దించలేదని తర్వాతి విచారణలో తేలింది. ఆ వార్త చదివిన రోజు కూడా నాకు ఆ బోరింగే కళ్ళముందు ఆడింది. అవతలివాళ్ళ పిల్లల ప్రాణం చేతిలో పెట్టుకుని చేసే పని ఇది.

ఇంతవరకూ రాసి, వాడి గదికి వెళ్ళి ఇదంతా చెప్పేద్దామని లేచాను. మళ్ళీ కూర్చున్నాను.

నిజానికి నాకూ భయమే. 2022 సెప్టెంబరులో ఇక్కడ హెడ్ కోచ్ స్కాట్ ఫ్రాస్ట్‌ని సీజన్లో మూడు ఆటలు కాగానే తీసేశారు. తర్వాత వచ్చిన మ్యాట్ రూల్ తన స్ట్రెంగ్త్ కోచ్‌ని తనే తెచ్చుకున్నాడు. పైవాడు ఓడితే కింద ఇంతమంది ఇల్లు ఖాళీ చేసి ఊరు మారాలి. రేపు పెళ్ళయి, పిల్లలు బడికెళ్తుంటే? అన్నయ్యగారి మీద ఇంత కోపం దేనికి, నా కడుపులో మాట ఆయన నోట వచ్చినందుకా? కాదు, పూర్తిగా అదీ కాదు. నాది వాడి గురించి బెంగ. ఆయనది ఆ పనంటే చులకన. రెండూ ఒకటి కావు. కానీ నవ్వినప్పుడు వాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

మొన్న వాడి అరచేతులు చూశాను. వేళ్ళ మొదట్లో కాయలు కాచి, ఒకటి ఊడి ఎర్రగా ఉంది. గోళ్ళల్లో తెల్లటి చాక్ పొడి. మోకాలి ఆపరేషన్ అయిన పిల్లాడు మొదటిసారి బరువు భుజాన పెట్టుకుని గుంజీ (స్క్వాట్) తీశాడని, తనే పక్కన నిలబడ్డానని చెబుతుంటే కళ్ళు మెరిశాయి.

నాలుగున్నరకి అలారం పెట్టుకుంటాడు, ఆరింటికల్లా వెయిట్ రూమ్‌లో ఉండాలి. మిగిలిన పులిహోర డబ్బాలో సర్దాను. నేనూ అలారం పెట్టాను. డబ్బా చేతికిచ్చేటప్పుడే చెప్పాలి, అక్కడ నవ్వి ఉండకూడదురా అని.