వైన్ నోట్‌బుక్, 14వ నెల: వగరు చిక్కింది

ఈ నెల ఒకే పని పెట్టుకున్నా. వైన్‌లో వగరును పట్టుకోవాలి, దాన్ని పులుపు నుంచి, ఘాటు నుంచి విడదీయాలి.

పోయిన ఏడాది రాసుకున్న పేజీలు తిరగేస్తే "బాగుంది", "స్మూత్‌గా ఉంది", "కొంచెం ఘాటు" తప్ప ఇంకో మాట కనబడలేదు. సీసా పేరు చెరిపేస్తే ఏది ఏదో నాకే తెలియదు. అందుకే మూడు నెలల కిందట ఇంగ్లీషు టేస్టింగ్ చార్టు పక్కన పెట్టి తెలుగులో రాయడం మొదలుపెట్టా. బ్లాక్‌కరెంట్, గూస్‌బెర్రీ మా ఊళ్ళో ఎవరూ తినలేదు. నేరేడుపండు, రాచ ఉసిరి, చింతచిగురు, పచ్చి జామకాయ అయితే చిన్నప్పట్నుంచీ నోటికి తెలుసు. వాటితో పోల్చి రాసిన పేజీ చదివితే ఆ గుక్క మళ్ళీ నాలుక మీదికొస్తోంది.

టానిన్ అనే మాట చూసి ఏడాదిపాటు తికమకపడ్డా. అది మన వగరే. ద్రాక్ష తొక్కలోంచి, గింజలోంచి వస్తుంది. లాలాజలంలో ఉండే ప్రోటీన్లను పట్టేసుకుంటుంది కాబట్టి నోట్లో జారుడుతనం పోయి చిగుళ్ళ దగ్గర పట్టేసినట్టవుతుంది. వక్క నమిలినప్పుడు జరిగేదీ ఇదే. గుర్తు పట్టడానికి నాకు దొరికిన తేలిక మార్గం: గుక్క మింగాక తల కొంచెం వంచి పది లెక్కపెట్టాలి. నోరూరితే పులుపు, నోరెండితే వగరు. రెండూ ఉంటే ముందు ఎండి, తర్వాత పక్కల నుంచి నీళ్ళూరతాయి.

దీన్ని వైన్ లేకుండానే వంటింట్లో సాధన చేశా. 200 మి.లీ. నీళ్ళ గ్లాసులు నాలుగు. ఒకదాంట్లో అర చెంచా నిమ్మరసం, ఒకదాంట్లో చెంచా చక్కెర, ఒకటి ఉత్త నీళ్ళు. నాలుగోదాంట్లో టీ బ్యాగు పది నిమిషాలు వేడినీళ్ళలో నానేసి చల్లార్చిన డికాషన్. కళ్ళు మూసుకుంటే మా ఆవిడ వరస మార్చి అందిస్తుంది. మొదటి రెండు రోజులూ విడివిడిగా సులువే. మూడోరోజు డికాషన్లో నిమ్మరసం, చక్కెర కలిపిచ్చింది. వగరు తక్కువని చెప్పా. డికాషన్ అంతే పోసిందట. చక్కెర వగరును కప్పేస్తుందని అలా తెలిసింది. తీపి మిగిలిన రెడ్ వైన్లు ఎందుకంత మెత్తగా అనిపించేవో అప్పుడర్థమైంది.

శనివారం కాలిఫోర్నియాలో వైన్ తోటలుండే లివర్‌మోర్ వెళ్ళాం. మేముండే డబ్లిన్ నుంచి ఇరవై నిమిషాల దారి. వచ్చేటప్పుడు కారు మా ఆవిడే నడిపింది. 1883లో వెంటీ, కంకానన్ కుటుంబాలు రెండూ ఇక్కడే తోటలు పెట్టాయి. 1961 పంటతో చేసిన వైన్‌కు పెటీట్ సిరా అని ద్రాక్ష పేరే లేబుల్ మీద వేసింది కంకానన్ వాళ్ళు. దాని అసలు పేరు డ్యూరిఫ్. ఫ్రాన్స్‌లో సిరా, పెలూర్సాన్ అనే రెండు ద్రాక్షలకు పుట్టిన సంకరం.

ఒక చిన్న వైనరీలో కోతలు నడుస్తున్నాయి. వైన్ పోసిచ్చేవాళ్ళు పెటీట్ సిరా గుత్తి ఒకటి తెచ్చి చేతిలో పెట్టారు. పళ్ళు శనగల కంటే కొంచెం పెద్దవి, పైన బూడిద రాసినట్టు తెల్లటి పొర. నోట్లో వేసుకుంటే రసం మంచి తీపి. రసం మింగి, తొక్క ఒక్కటే దవడతో నమిలా. ఇరవై సెకన్లకు నాలుక మీద నేరేడుపండు పొర, వేళ్ళకు ఊదారంగు. లోపలి గింజ గోధుమ రంగులో ఉంది, పంటికింద పటుక్కుమంది. దాని వగరు ఇంకా మొరటుగా, మారేడు జిగురులా పట్టుకుంది. చిన్న పండులో రసం తక్కువ, తొక్క వాటా ఎక్కువ. ఈ వైన్ అంత నల్లగా, అంత వగరుగా ఉండేది అందుకే. పక్కనే గ్లాసులో పోసిన వైన్‌లో అదే తొక్క రుచి దొరికింది. ఈ పద్నాలుగు నెలల్లో నాకు ఇంత ఆనందమిచ్చిన గుక్క ఇంకోటి లేదు.

సీసా కొని తెచ్చి తెరవగానే సగం 375 మి.లీ. ఖాళీ సీసాలోకి అంచుదాకా నింపి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టా. అంచుదాకా నింపడమే కీలకం, గాలి మిగలకూడదు. నాలుగోరోజు తీసి అరగంట బయట పెట్టి తాగితే దాదాపు మొదటిరోజులాగే ఉంది. అసలు సీసాలో వదిలేసిన మిగతా సగం మూడోరోజుకే పండువాసన పోయి చప్పబడింది. రెడ్‌ను నేనిప్పుడు 16 డిగ్రీల దగ్గరే తాగుతున్నా. మరీ చల్లగా ఉంటే వగరు గరుగ్గా తేలుతుంది, వేడెక్కితే ఆల్కహాల్ ముక్కుకు కొడుతుంది. గ్లాసులో 50 మి.లీ. మించి పోయను. సాధన రోజుల్లో పక్కనున్న స్టీలు గ్లాసులో ఉమ్మేస్తా.

భోజనంతో: గుత్తివంకాయ కారానికి పెటీట్ సిరా అస్సలు వద్దు. ఆల్కహాల్ కారాన్ని రెట్టింపు చేసింది, వగరు పైన ఇంకో మంట. కారం తగ్గించి మిరియాలతో చేసిన మటన్ వేపుడుకు మాత్రం చక్కగా కుదిరింది, ఆ కొవ్వూ మాంసమూ వగరును మెత్తబరిచాయి. గోంగూర పప్పుకు రెండు తెల్ల వైన్లు పెట్టి చూశా. వెన్న వాసనున్న షార్డొనే ఆ పులుపు ముందు నీళ్ళయిపోయింది. సోవిన్యాన్ బ్లాంక్ నిలబడింది, దాని పులుపు గోంగూరతో సమానంగా ఉంది కాబట్టి. గుత్తివంకాయకు చివరికి నచ్చింది జర్మనీ తెల్ల వైన్ మోజెల్ రీస్లింగ్ కాబినెట్: 8.5 శాతం ఆల్కహాల్, కాస్త తీపి, 8 డిగ్రీల చల్లదనం.

ఒక సీసా తడిసిన అట్టపెట్టె వాసనొచ్చింది. కార్క్ చెడిందన్నమాట. కొట్టువాళ్ళు మాట్లాడకుండా మార్చిచ్చారు.

వచ్చే నెల సిరా. అందులో ఉండే రోటండోన్, మిరియాల్లో ఘుమాయించే పదార్థమూ ఒక్కటే. అయిదుగురిలో ఒకరి ముక్కుకు అది అందదట. నా ముక్కుకు అందుతుందో లేదో చూడాలి. సీసా అల్మారా కింది అరలో పడుకోబెట్టా, పక్కనే మిరియాల డబ్బా పెట్టా.