రాత పరీక్ష లేదని తేలిగ్గా తీసుకోకండి: ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి నేను సిద్ధమైన తీరు

డిగ్రీ చదువుతూ సైన్యంలో ఆఫీసర్ కావాలనుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్‌లో కనీసం 'బి' గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు, 19 నుంచి 25 ఏళ్ల మధ్య వయసు ఉంటే సీడీఎస్ (సైనిక ఆఫీసర్ల ఎంపికకు యూపీఎస్‌సీ పెట్టే రాత పరీక్ష) రాయకుండానే ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఎంపికై, వైద్య పరీక్షలు దాటి, మెరిట్ జాబితాలో నిలిస్తే చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో 49 వారాల శిక్షణ. దరఖాస్తులను మార్కులను బట్టి వడపోస్తారు కాబట్టి డిగ్రీని అశ్రద్ధ చేయకండి.

రాత పరీక్ష లేనంత మాత్రాన చదవాల్సింది లేదనుకోవద్దు. ఇక్కడ సిలబస్ మన జీవితమే. మొదటి రోజు నింపే పీఐక్యూ అనే వ్యక్తిగత వివరాల ఫారంలో మార్కులు, ఆటలు, క్యాంపులు, కుటుంబం అన్నీ రాస్తాం. ఇంటర్వ్యూ చేసే అధికారి ముందు ఆ కాగితమే ఉంటుంది. నేను వాలీబాల్ అని రాశాను. కోర్టు కొలతలు, నెట్ ఎత్తు అడిగారు. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు, పురుషులకు నెట్ 2.43 మీటర్లు అని చెప్పాను. వెంటనే, జట్టులో ఎవరితో పడేది కాదు, ఎందుకు, దానికి ఏం చేశావు అన్నారు. మొదటిదానికి పుస్తకం చాలు, రెండోదానికి నిజంగా ఆడి ఉండాలి. అందుకే క్యాంపులను సర్టిఫికెట్ కోసం మాత్రమే చేయకండి. వంట బాధ్యతో, గార్డు డ్యూటీయో ఏది వచ్చినా ముందుకు వెళ్లి తీసుకోండి.

మానసిక పరీక్షల్లో పద పరీక్షకే నేను ఎక్కువ సమయం ఇచ్చాను. 60 పదాలు, ఒక్కోదాన్ని చూసి తోచిన వాక్యం రాయడానికి 15 సెకన్లు. ఇంట్లో చెల్లి పదాలు చదువుతుంటే గడియారం పెట్టుకుని రాసేవాడిని. 'భయం' అన్న పదానికి 'భయపడకూడదు' అని నీతులు రాయడం చాలామందికి అలవాటు. 'సాధన భయాన్ని తగ్గిస్తుంది' అన్నది అనుభవం నుంచి వచ్చిన మాట. బొమ్మ చూసి కథ రాసే పరీక్ష కోసం కోచింగ్‌లో ఇచ్చే రెడీమేడ్ కథలను దయచేసి బట్టీ పట్టకండి. వందల కథలు చదివినవారికి అరువు కథ ఇట్టే తెలిసిపోతుంది.

మొదటి వడపోత అయిన స్క్రీనింగ్‌లో, బొమ్మ చూసి కథ రాశాక గుంపుగా జరిగే చర్చలో అందరూ ఒక్కసారిగా అరుస్తారు. గొంతు పెంచి లాభం లేదు. ఇతరుల కథలను శ్రద్ధగా విని, ఒక్క సందు దొరికినప్పుడు అందరినీ కలిపే మాట చెప్పండి. తెలుగు మీడియం వారు ఇంగ్లీషు గురించి దిగులుపడతారు. చిన్న వాక్యాలు స్పష్టంగా వస్తే చాలు. రోజూ ఒక వార్తపై మూడు నిమిషాలు పైకి మాట్లాడండి, లెక్చరెట్‌కూ (గుంపు ముందు ఇచ్చే చిన్న ప్రసంగం) అదే సాధన.

మైదానంలో అడ్డంకులు దాటడం వంటి గ్రౌండ్ పనులకు పరుగు, పుల్‌అప్స్ ముందు నుంచే అలవాటు చేసుకోండి. చూపు, చెవులు, బరువు మాత్రం దరఖాస్తుకు ముందే డాక్టరుకు చూపించుకోండి. సరిచేసుకోగలిగిన చిన్న లోపం ఉంటే చికిత్సకు అప్పుడే వ్యవధి ఉంటుంది.