చుషూల్ దారిలో 114 పేర్లు

పాంగాంగ్ సరస్సు దగ్గర ఫొటోలు దిగి, మ్యాగీ తిని, అదే దారిన లేహ్‌కి తిరిగొచ్చేసేవాళ్లే ఎక్కువ. సరస్సు ఒడ్డు వెంబడే స్పాంగ్మిక్, మాన్, మేరాక్ ఊళ్లు దాటి చుషూల్ దాకా పోయే దారి ఒకటుంది. లేహ్‌లో దిగిన రోజు నుంచీ మా చిన్నాన్న ఆ దారే పట్టాలని పంతం. ఆయన సైన్యంలో సిగ్నల్స్‌లో చేసి హవల్దారుగా రిటైరైన మనిషి. "సరస్సు ఎక్కడికీ పోదురా, రెజాంగ్ లా చూపించు నాకు" అన్నాడు. 1962 చైనా యుద్ధంలో మన కంపెనీ ఒకటి ఆఖరిదాకా నిలిచిన కనుమ అది, చుషూల్ దగ్గర ఉంది. పర్మిట్ కాగితాల్లో చుషూల్ పేరు కూడా రాయించుకుని బయల్దేరాం.

చాంగ్ లా కనుమ పదిహేడున్నర వేల అడుగులు దాటుతుంది. అక్కడ నాకు తల పగిలిపోతోంటే చిన్నాన్న టీ తాగుతూ నిమ్మళంగా కూర్చున్నాడు. మేరాక్ దాటాక బండ్లు పలచబడ్డాయి. అవతలి ఒడ్డు కొండల్ని చూపిస్తూ, సిరిజాప్ అటువైపేనని, 1962 అక్టోబరులో మేజర్ ధన్‌సింగ్ థాపా, ఆయన గూర్ఖా జవాన్లు పోరాడింది అక్కడేనని చెప్పాడు. థాపా చనిపోయాడనుకుని పరమవీర చక్ర ప్రకటించారు. ఆయనేమో బందీగా బతికే ఉన్నాడు, తర్వాత తిరిగొచ్చాడు. ఆ యుద్ధంలో ఎవరు బతికారో ఎవరు పోయారో చాలాకాలం ఎవరికీ సరిగ్గా తెలియలేదు. రెజాంగ్ లా కథ కూడా అలాంటిదే, కాకపోతే ఇంకా చేదు.

చుషూల్ అంటే నేను లోయ అనుకున్నాను. తీరా చూస్తే మైదానం. పద్నాలుగు వేల అడుగుల పైన బల్లపరుపుగా పరుచుకున్న ఇసుక నేల, తూర్పున వరసగా కొండలు. అప్పట్లో ఇక్కడొక విమానాల స్ట్రిప్పు ఉండేది. లేహ్‌కి పోయే దారికి కాపలాగా ఈ మైదానం నిలబడాలి కాబట్టి, 1962 అక్టోబరు చివర్లో ఏఎన్-12 విమానాల్లో ఏఎమ్ఎక్స్-13 ట్యాంకుల్ని ఇక్కడ దించారు. ఆ కాలంలో, అంత ఎత్తులో, అదొక సాహసమే.

ఊరు దాటి త్సాగా వైపు పోతే స్మారకం వస్తుంది. 2021 నవంబరు 18న కొత్త హంగులతో తిరిగి ప్రారంభించారు. ఇప్పుడు మ్యూజియం ఉంది, చిన్న థియేటర్ ఉంది. అవి బాగానే ఉన్నాయి కానీ నన్ను పట్టుకుంది మాత్రం పాత రాతిపలకే. ఓ ఇంగ్లీషు పద్యం పాదాలు, వాటి కింద పదమూడో కుమావ్ బెటాలియన్‌కి చెందిన 114 మంది అమరులు ఆఖరి మనిషి దాకా, ఆఖరి తూటా దాకా పోరాడారన్న మాట. పుస్తకాల్లో ఈ సంఖ్య కొంచెం అటూ ఇటూగా కనిపిస్తుంది. నేను రాయి మీద ఉన్నదే రాస్తున్నాను.

రెజాంగ్ లా మీద నిలిచింది ఆ బెటాలియన్‌లోని చార్లీ కంపెనీ, ఉన్నది సుమారు 120 మంది. కంపెనీ కమాండర్ మేజర్ షైతాన్ సింగ్‌ది రాజస్థాన్. జవాన్లు దాదాపు అందరూ అహీర్లు, అంటే రేవాడీ, గుడ్‌గావ్, మహేంద్రగఢ్ పల్లెల యాదవులు. ఎండాకాలం వడగాలి కొట్టే మైదానాల్లో పశువుల్నీ పొలాల్నీ చూసుకునే ఇళ్ల పిల్లలు. వాళ్లని పదహారు వేల అడుగుల ఎత్తున, నవంబరు మంచులో, చాలీచాలని కోట్లతో, పాత పాయింట్ త్రీనాట్‌త్రీ రైఫిళ్లతో నిలబెట్టారు.

"ఫిరంగులు లేవా?" అని అడిగాను. చిన్నాన్న చేత్తో చూపించాడు. మన ఫిరంగులు ఈ మైదానం వైపు ఉన్నాయి, కంపెనీ ఆ శిఖరాలకు అవతల ఉంది, మధ్యలో కొండ అడ్డం. వెనక ఫిరంగులున్నా వాళ్ల ముందు ఒక్క గుండు పడే వీల్లేదు. ఈ సంగతి పై అధికారులకు ముందే తెలుసు. ఇన్నేళ్లు సైన్యంలో ఉన్న చిన్నాన్న ఈ మాట దగ్గర మాత్రం కాసేపు ఆగాడు. "తెలిసే కూర్చోబెట్టారు" అన్నాడు, అంతే.

నవంబరు 18 తెల్లవారుజామున దాడి మొదలైంది. ఎదురుగా అలలు అలలుగా వచ్చిన చైనా సైనికుల్ని ప్లటూన్లు, అంటే కంపెనీలోని చిన్న దళాలు, తిప్పికొట్టాయి. తర్వాత చైనా ఫిరంగులు, మోర్టార్లు బంకర్లని పిండి చేశాయి, వెనకవైపు నుంచి కూడా చుట్టుముట్టారు. షైతాన్ సింగ్ ఒక ప్లటూన్ నుంచి ఇంకో ప్లటూన్‌కి తిరుగుతూ గాయపడ్డాడు. తనని మోసుకుపోతున్న జవాన్లని, నన్నిక్కడ వదిలి వెళ్లండని పంపేశాడు.

ప్రాణాలతో మిగిలింది వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. కొందరు బందీలయ్యారు, కొందరు దిగి వచ్చారు. వచ్చినవాళ్లు జరిగింది చెబితే ఎవరూ నమ్మలేదు. ఒక్క కంపెనీ అంతమందిని ఎదిరించి, కదలకుండా, ఆఖరిదాకా నిలిచిందా? పారిపోయి వచ్చి కథలు చెబుతున్నారన్నారు. ఓడిన యుద్ధంలో గొప్పలు ఎవరికి కావాలి! మూడు నెలల దాకా ఆ కొండ ఎక్కి చూసినవాడు లేడు. ఊళ్లలో తల్లులకీ పెళ్లాలకీ తమవాడు వీరుడో, పిరికివాడో, బతికే ఉన్నాడో తెలియలేదు.

1963 ఫిబ్రవరిలో ఒక లద్దాఖీ పశువుల కాపరి కొండ మీద శవాల్ని చూసి కబురు తెచ్చాడు. వెళ్లినవాళ్లకి కందకాల్లో జవాన్లు కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే గడ్డకట్టి కనిపించారు. చాలామంది చేతుల్లో ఆయుధాలు అలాగే ఉన్నాయి. నర్సింగ్ అసిస్టెంట్ ధరమ్‌పాల్ దహియా చేతిలో సిరంజి ఉంది. ఒంటి మీద ఒకటి కంటే ఎక్కువ గాయాలు లేని శవం అరుదు. చుషూల్ మైదానంలోనే సైనిక లాంఛనాలతో దహనం చేశారు. షైతాన్ సింగ్‌ని జోధ్‌పూర్ తీసుకెళ్లారు. పరమవీర చక్ర ఆయనకి, వీరచక్రలు మరికొందరికి. శవాలు సాక్ష్యం చెబితే తప్ప బతికినవాళ్ల మాటకి విలువ లేకపోయింది. నాకు ఆ యుద్ధంలో ఓటమి కంటే ఇదే ఎక్కువ గుచ్చుకుంది.

మేం ఉన్నప్పుడే రేవాడీ దగ్గరి పల్లె నుంచి ఒక కుటుంబం వచ్చింది. పెద్దాయన తలపాగా తీసి చంకలో పెట్టుకుని, పేర్ల మీద వేలు ఆనించి ఒక్కో వరసా చదువుతున్నాడు. సింగ్, రామ్, మళ్లీ సింగ్, మళ్లీ రామ్. ఒకచోట వేలు ఆగింది. మనవడిని పిలిచి చూపించాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. లేదు, ఆ పేరు పక్కన నిలబెట్టి ఫొటో తియ్యమన్నాడు, వెలుగు చాలక మళ్లీ తీయించాడు. వాళ్ల వైపు రేవాడీలో కూడా స్మారకం ఉందట, ఏటా నవంబరు 18న అక్కడికి పోతారట. ఇక్కడికి రావడానికే ఇన్నేళ్లు పట్టిందన్నాడు.

ఎక్కడి నుంచి వచ్చారని అడిగాడు. తెలంగాణ అన్నాను. "కర్నల్ సంతోష్ బాబు ఊరివైపా?" అన్నాడు వెంటనే. ఆయనకి సూర్యాపేట పేరు గుర్తురాలేదు గానీ, మనిషి గుర్తున్నాడు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో పోయిన 20 మందికీ ముందు నిలబడ్డ పదహారో బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివినవాడు, తర్వాత మహావీర చక్ర. సూర్యాపేటలో కంచు విగ్రహం పెట్టారని చిన్నాన్న వచ్చీరాని హిందీలో చెప్పాడు. గల్వాన్ వైపు పోవడానికి మా పర్మిట్ చాలలేదు. పెద్దాయన కాసేపు ఆలోచించి, ఆయన తల్లిదండ్రులు ఉన్నారా అని అడిగాడు. ఉన్నారన్నాం. "వాళ్లకి కబురు వెంటనే తెలిసింది, అది నయం" అన్నాడు.

తిరుగు ప్రయాణం లోమా, న్యోమా మీదుగా. డ్రైవర్‌ది ఆ చుట్టుపక్కల ఊరే. 2020 ఆగస్టు చివర్లో మన సైన్యం ఈ తూర్పు కొండలు ఎక్కి కూర్చున్నప్పుడు, చుషూల్, మేరాక్ జనం ఆడా మగా వీపుల మీద నీళ్ల డబ్బాలు, సరుకుల మూటలు వేసుకుని పైకి మోశారని చెప్పాడు. తర్వాత ఇరువైపులా సైన్యాలు వెనక్కి తగ్గి, మధ్యలో ఎవరూ అడుగుపెట్టని బఫర్ జోన్ ఏర్పడింది. షైతాన్ సింగ్ శవం దొరికిన చోట ఉన్న చిన్న గుర్తుని కూడా అందుకే తీసేయాల్సి వచ్చిందని 2023 చివర్లో పత్రికల్లో వచ్చింది. డ్రైవర్‌ని అడిగితే ఆ సంగతి ఒక్క ముక్కలో తేల్చేశాడు. అతని బాధ వేరు. చలికాలం మేకలు మేసే బీడు ఆ జోన్‌లోకి పోయిందట. స్మారకం చూడ్డానికి వచ్చేవాళ్లంతా ఊళ్లోంచే పోతారు గానీ, మేకల సంగతి అడిగినవాడు లేడన్నాడు. న్యోమా చేరేదాకా చిన్నాన్న అతన్ని ఆ మేకల గురించే అడుగుతూ కూర్చున్నాడు.