గాఫ్ అంటే మన జమ్మే: పిల్లలతో ఎడారిలో ఒక రాత్రి

దుబాయ్, షార్జా, అబుధాబీల్లో పెరుగుతున్న మన పిల్లల్లో చాలామందికి ఎడారి అంటే డెజర్ట్ సఫారీయే. బండిలో కుదుపులు, ఒంటె మీద రెండు నిమిషాలు, బఫే భోజనం, తొమ్మిదింటికల్లా ఇంటిదారి. పుట్టి పెరుగుతున్న నేలతో వాళ్ల పరిచయం అంతటితో ఆగిపోతుంది. ఎమిరాతీ కుటుంబాలు చలికాలంలో ఇసుకలోకి వెళ్లి చాప పరుచుకుని కూర్చునే అలవాటుంది, దాన్ని కష్తా అంటారు. మనమూ అలా ఒక రాత్రి అక్కడే పడుకుంటే, ఈ దేశానికీ మన ఊరికీ ఉమ్మడిగా ఉన్న రెండు సంగతులు పిల్లలు కళ్లారా చూస్తారు: ఒకటి చెట్టు, రెండోది ఆకాశం.

చెట్టు పేరు గాఫ్. 2008లో యూఏఈ దాన్ని జాతీయ వృక్షంగా ప్రకటించింది. 2019ని సహన సంవత్సరంగా జరుపుకున్నప్పుడు చిహ్నంగా పెట్టుకున్నదీ దీన్నే. ఇది అచ్చంగా మన జమ్మి చెట్టు. పోలిక కాదు, శాస్త్రీయ నామంతో సహా ఒకటే జాతి, తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా ఇదే. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టు, దసరానాడు బంగారమని పెద్దల చేతిలో పెట్టే ఆకు ఇదేనని చెట్టు కింద నిలబడి చెబితే పిల్లలకు పట్టే తీరే వేరు. కొమ్మ విరవకూడదు, వంటచెరకుకు కొట్టకూడదు, అది నేరం. ఇంటికి తెచ్చుకోవడానికి రాలిన ఆకో, ఎండిన కాయో చాలు.

అయితే నీడ బాగుందని గాఫ్ కింద గుడారం వేయకండి. పగలంతా ఒంటెలు పడుకునేది అక్కడే. వాటి పిడుదులు, మనవైపు గోమార్లంటారు, ఇసుకలో పొంచి ఉంటాయి. మన ఊపిరిని పసిగట్టి పరుగున వచ్చేస్తాయి. చూడటానికి ఐదు నిమిషాలు నిలబడండి, కాళ్లూ ప్యాంటు అంచులూ దులుపుకుని వచ్చేయండి.

ఇక ప్రయాణం. నవంబరు నడిమి నుంచి మార్చి మొదటివారం దాకా అనువైన కాలం. తేదీని మన పంచాంగం చూసి ఎంచుకోండి. నక్షత్రాలు కావాలంటే అమావాస్యకు దగ్గర్లో వచ్చే శనివారం, చీకటికి భయపడే చిన్నపిల్లలుంటే మొదటిసారికి పౌర్ణమి. డిసెంబరులో ఐదున్నరకే పొద్దు గూకుతుంది. చీకట్లో ఇసుక మీద బండి నడపడం చాలా ప్రమాదం, దిబ్బ అవతల ఏముందో కనబడదు. మూడున్నరకల్లా చోటికి చేరాలి, అంటే భోజనం కాగానే బయలుదేరాలి.

ఫోర్ వీల్ డ్రైవ్ లేకపోతే ఇసుకలోకి దిగే ఆలోచనే వద్దు. గట్టి నేల మీద ఆగి, సామాను వంద గజాలు మోసుకెళ్లే చోటు చూసుకోండి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే కనీసం రెండు బండ్లు కలిసి వెళ్లాలి. తారురోడ్డు దిగగానే టైర్లలో గాలిని 35 నుంచి 15–18 పీఎస్ఐకి తగ్గించాలి. అప్పుడు టైరు పరుచుకుని, బరువు ఎక్కువ చోటు మీద పడి, బండి ఇసుకపై తేలుతుంది. 12 కంటే దించితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడి రావచ్చు. ఈ పని పద్నాలుగేళ్ల పిల్లకో పిల్లవాడికో అప్పగించండి. గేజు చూసి నాలుగు అంకెలూ రాసుకోమనండి, బాధ్యతగా చేస్తారు.

కూరుకుపోతే చాలామంది చేసే తప్పు యాక్సిలరేటర్ ఇంకా గట్టిగా తొక్కడం. చక్రం తిరిగిన కొద్దీ గుంత తవ్వుకుంటుంది, చివరికి బండి పొట్ట ఇసుకకు ఆనుతుంది. వెంటనే ఆపేయండి. అందరినీ దించి, చక్రాల చుట్టూ, బండి కిందా ఇసుక పారతో తీసేసి, గాలి ఇంకాస్త తగ్గించి, వచ్చిన జాడల్లోనే మెల్లగా వెనక్కి రండి. గాలి కొట్టే మిషను బ్యాటరీకి నేరుగా తగిలించే రకం కొనండి. సిగరెట్ సాకెట్‌కు పెట్టే చిన్నవాటితో నాలుగు పెద్ద టైర్లు నింపబోతే ఫ్యూజు పోవడం మామూలే. తెల్లగా, నున్నగా, గట్టిగా కనిపించే ఉప్పునేలను సబ్ఖా అంటారు. పైన పెచ్చు, కింద బురద, కాబట్టి దాని మీదికి బండి తీసుకెళ్లొద్దు.

గుడారం వేసే చోటు విషయంలో పొరపాటుకు తావు లేదు. చక్రాల జాడలున్న దిబ్బ కింద ఎప్పుడూ వేయకండి, సరదాకు దిబ్బలెక్కించే బండ్లు అవతలి నుంచి గుడారం మీదికే దిగవచ్చు. కొండల దగ్గర వాగు పల్లాలూ వద్దు, ఎక్కడో వాన పడితే ఇక్కడికి నీళ్లొస్తాయి. కంచె వేసిన రక్షిత ప్రాంతాల్లోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు. గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వీస్తుంది కాబట్టి గుమ్మం ఆగ్నేయం వైపు ఉండాలి. గుడారంతో వచ్చే సన్న మేకులు ఇసుకలో నిలవవు. గట్టి సంచుల్లో నాలుగైదు కిలోల ఇసుక నింపి, తాడు కట్టి, మూరెడు లోతున పాతిపెట్టండి, గాలికి కదలదు. తవ్వడం చిన్నవాళ్లకు ఆటలాంటిది కాబట్టి ఈ పని వాళ్లదే.

నలుగురికి ఒక రాత్రికి తాగడానికీ వంటకూ 20 లీటర్లు, కడుక్కోవడానికి విడిగా 10 లీటర్లు. మరుగుదొడ్డి ఉండదు. గుడారానికి దూరంగా జానెడు లోతు గుంత తవ్వి, పని అయ్యాక పూడ్చాలి. టిష్యూలు పాతకుండా సంచిలో వేసి వెనక్కి తేవాలి. మూతకు రంధ్రం చేసిన లీటరు సీసా చెంబులా పనికొస్తుంది. ఈ సంగతంతా ఇంట్లోనే పిల్లలకు వివరంగా చెప్పాలి. అక్కడికెళ్లాక చెబితే రాత్రంతా బిగబట్టుకుని కూర్చుంటారు.

తిండికి చింతపండు పులిహోరను మించింది లేదు, మర్నాటి దాకా చెడదు. పెరుగన్నం ఐసు డబ్బాలో పెట్టండి. మంట నేల మీద వేయకుండా కాళ్లున్న ఇనప పొయ్యిలోనే వేయాలి. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటుంది: నిప్పుల మీద ఇసుక కప్పి ఆరిపోయాయనుకోవద్దు. ఇసుక కింద బొగ్గులు గంటల తరబడి కణకణలాడుతూనే ఉంటాయి, పైకి ఏమీ కనబడదు. తెల్లారి ఉత్తకాళ్లతో పరిగెత్తే పిల్లల అరికాళ్లు కాలతాయి. నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, చల్లబడ్డాక సంచిలో ఎత్తుకుని రండి. చలేస్తోందని బొగ్గుల కుంపటి గుడారంలోకి అసలు తీసుకెళ్లొద్దు. దాని విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

చలిని మనవాళ్లు తక్కువగా అంచనా వేస్తారు. జనవరిలో తెల్లవారుజామున పది డిగ్రీలకు, ఒక్కోసారి అంతకంటే కిందికి దిగుతుంది. చలి పైనుంచి కంటే నేల నుంచి ఎక్కువ లాగుతుంది, కాబట్టి దుప్పట్లు పెంచే బదులు కింద మందపాటి ఫోమ్ చాపలు, బొంతలు వేయండి. మంచు కూడా కురుస్తుంది. బయట వదిలిన బూట్లు, బట్టలు పొద్దున్నకు తడిసిపోతాయి. బూట్లు లోపల పెట్టుకుని, తొడుక్కునే ముందు తేళ్ల కోసం దులపాలి. విజిట్ వీసా మీద అమ్మమ్మో తాతయ్యో వచ్చి ఉంటే వాళ్లకు ఎత్తుగా ఉన్న కుర్చీ, దాని కాళ్ల కింద చెక్కముక్క పెట్టండి, లేకపోతే కుర్చీ ఇసుకలో ఒరిగిపోతుంది. చీకటి పడ్డాక కథలు చెప్పాల్సింది వాళ్లే కాబట్టి సుఖంగా కూర్చోవాలి.

ఆకాశం దగ్గరికి వస్తే, డిసెంబరు మూడో వారంలో రాత్రి పదింటికి కృత్తికలు నడినెత్తిన ఉంటాయి. అరబ్బులు వాటిని సురయ్యా అంటారు. మనకు 27 నక్షత్రాలైతే వాళ్లకు చంద్రుడి మజిలీలు 28, వాటిలో ఇదీ ఒకటి. దాని వెనకే ఎర్రగా వచ్చే మన రోహిణి వాళ్లకు దబరాన్, అంటే వెంట వచ్చేది. ఇంగ్లీషు ఆల్డెబరాన్ అక్కడి నుంచి పుట్టిందే.

ఫిబ్రవరిలో వెళితే తొమ్మిదిన్నర, పది మధ్య దక్షిణం వైపు చూపించండి. చెయ్యి చాపి పిడికిలి పడితే, దిగంతం నుంచి పిడికిలి కంటే కొంచెం ఎత్తులో తెల్లగా మెరిసేది సుహైల్. ఆగస్టు చివర అది తెల్లవారుజామున కనిపిస్తే ఎండలు తగ్గుముఖం పట్టాయని గల్ఫ్ జనం లెక్క. అదే మన అగస్త్య నక్షత్రం, అది ఉదయిస్తే నీళ్లు తేటపడతాయని మన పెద్దల మాట. మనవైపు ఇంకాస్త ఎత్తున కనబడుతుంది. ఎందుకో పిల్లలనే ఆలోచించనివ్వండి, అక్షాంశాల పాఠం అక్కడే అయిపోతుంది. ఈశాన్యాన పైకొచ్చే సప్తర్షుల్లో వసిష్ఠుడి పక్కన అరుంధతిని వెతకమనండి. మన పెళ్లిళ్లలో చూపించే ఆ చుక్కను అరబ్బులు సుహా అంటారు, దానితో కంటిచూపును పరీక్షించుకునేవారు. భాషకో పేరు చెప్పి వదిలేయండి. తిరిగి అప్పజెప్పమంటే బడిలా అయిపోతుంది.

పొద్దున్నే ఒంటెల కాపరి ఎదురై గహ్వా, అంటే అరబ్బీ కాఫీ, ఇస్తే కుడిచేత్తో అందుకోవాలి. ఎడమచేత్తో ఏదీ పుచ్చుకోకూడదని ఇంట్లో మనం చెప్పేదే ఇక్కడా మర్యాద. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. ఒంటెలన్నీ ఎవరివో ఒకరివే, అడగకుండా ముట్టుకోవద్దు, తిండి పెట్టవద్దు.

బయలుదేరే ముందే ఎక్కడ ఉంటారో మ్యాప్ పాయింటు ఊళ్లో ఒక స్నేహితుడికి పంపి, మర్నాడు పదకొండింటికల్లా ఫోను రాకపోతే పోలీసుల నంబరు 999కి చెప్పమనండి. తిరుగుదారిలో తారురోడ్డు ఎక్కకముందే టైర్లు మళ్లీ నింపాలి. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది. మంచుకు తడిసిన గుడారాన్ని ఇంటికి రాగానే హాల్లో కుర్చీల మీద పరిచి ఫ్యాను కింద ఆరబెట్టండి. మడిచి అలాగే వదిలేస్తే రెండు రోజుల్లో బూజు పడుతుంది.