వేణ్ణీళ్లు సన్నగా వస్తున్నాయా? ప్రెషర్ పంపు కొనే ముందు ఇవి చూడండి

చన్నీళ్లు ధారగా పడుతూ, గీజర్ నీళ్లు మాత్రం సన్నగా వస్తుంటే తప్పు ట్యాంకుది కాదు. గీజర్ కింద యాంగిల్ కాక్ (గీజర్‌లోకి చన్నీళ్లు వదిలే చిన్న కుళాయి) దగ్గర్నుంచి కుళాయి మూతి దాకా ఎక్కడో అడ్డం పడింది. దానికి పంపు బిగించడం డబ్బు దండగ. రెండూ సన్నగా వస్తుంటే లెక్క వేరు. 10 మీటర్ల ఎత్తు ఉంటేనే 1 బార్ ప్రెషర్ వస్తుంది. పై అంతస్తు షవర్‌కీ టెర్రస్ మీది ట్యాంకుకీ మధ్య 2, 3 మీటర్లే ఉంటాయి కాబట్టి అక్కడ దొరికేది 0.3 బార్ లోపే. పంపు అవసరమయ్యేది అలాంటి ఇళ్లకు.

వేణ్ణీళ్ల వైపే ఈ గొడవ ఎక్కువ కావడానికి కారణం బోరు నీళ్లు. వాటిలో కరిగి ఉండే కాల్షియం బైకార్బొనేట్ వేడి తగలగానే సున్నపు పెళ్లగా మారుతుంది. కాయిల్‌కి పట్టిన సున్నం వల్ల నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, కరెంటు బిల్లు పెరుగుతుంది, కానీ ధార తగ్గదు. ధారను ఆపేవి అక్కడ రాలి పైపులోకి కొట్టుకొచ్చే పెళ్లలు.

ముందు కుళాయి జాలీ, షవర్ తల విప్పి చూడండి. లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి రెండు గంటలు నానబెడితే సున్నం వదులుతుంది. జాలీ తీసేసినా ధార పెరగకపోతే గీజర్ దగ్గరికి వెళ్లాలి.

గీజర్ స్విచ్ ఆపితే చాలదు, కరెంటు బోర్డులో దాని ఎంసీబీనే దించండి. నీళ్లు చల్లబడేదాకా వేణ్ణీళ్ల కుళాయి వదిలి, తర్వాత యాంగిల్ కాక్ కట్టేయండి. వేణ్ణీళ్లు బయటికొచ్చే, ఎర్ర గుర్తున్న కనెక్షన్ పైపును గీజర్ దగ్గర పానాతో విప్పి, కింద బకెట్ పెట్టి కాక్ తెరవండి. గీజర్ నుంచి ధార గట్టిగా వస్తే అడ్డం ఆ పైపులోనో, గోడలోని లైనులోనో, వేణ్ణీళ్లూ చన్నీళ్లూ కలిపే మిక్సర్ కుళాయిలోనో ఉన్నట్టు. తరచూ దొరికే దొంగ ఆ కనెక్షన్ పైపే. పైన స్టీలు అల్లిక మెరుస్తూనే ఉంటుంది, లోపలి రబ్బరు మాత్రం వేడికి ఉబ్బి దారి మూసేస్తుంది. విప్పి ఊదితే తెలిసిపోతుంది. అదే కొలతలో అరంగుళం నట్లున్న కొత్తది వేయండి. నట్టు లోపల రబ్బరు వాషర్ ఉంటుంది కాబట్టి అక్కడ టెఫ్లాన్ టేపు అక్కర్లేదు. మరీ బిగిస్తే ఆ వాషరే నలిగి రంధ్రంలోకి చొచ్చుకొస్తుంది, మళ్లీ మొదటికే.

గీజర్ నుంచే సన్నగా వస్తే చన్నీళ్లు లోపలికెళ్లే నీలం గుర్తు వైపు చూడాలి. కాక్ కట్టేసి అటు పైపు విప్పి, బకెట్లో పట్టి కాక్ తెరవండి. ధార బాగుంటే మిగిలింది గీజర్ ఇన్‌లెట్‌కి బిగించిన సేఫ్టీ వాల్వ్. దానిలోపలి నాన్ రిటర్న్ తలుపు (నీళ్లను ఒకవైపే పోనిచ్చేది) సున్నంతో అంటుకుపోతుంది. అది కడిగినా కదలకపోతే వాల్వ్ మార్చాలి. ఇక్కడ కొందరు ప్లంబర్లు వాల్వ్ తీసేసి ఉత్త నిపిల్ (పొట్టి పైపు ముక్క) పెడతారు. ధార అమాంతం పెరుగుతుంది కానీ ఒప్పుకోవద్దు. నీళ్లు కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ చెడిపోయి లోపల ప్రెషర్ పెరిగితే బయటికి వదిలేది ఆ వాల్వే. కొత్తదాని మీద బార్ సంఖ్య గీజర్ మీద రాసినదాన్ని మించకూడదు.

ట్యాంకు కడిగిన రోజు నుంచే ధార తగ్గితే సున్నం కన్నా ముందు లైనులో పట్టిన గాలిని అనుమానించండి. మిక్సర్ మూతి మూసి, చన్నీళ్లతో ఆ గాలిని వేణ్ణీళ్ల లైనులోంచి వెనక్కి నెట్టే చిట్కా నాన్ రిటర్న్ వాల్వ్ ఉన్నచోట సరిగా పనిచేయదు. ఎంసీబీ దించి, కాక్ తెరిచే ఉంచి, ఎర్ర వైపు నట్టు ఒక చుట్టు వదులు చేయండి. బుస్సుమని గాలి పోయి నీళ్లు చిమ్మగానే బిగించేయండి. కుళాయిలో ధార నిండుగా వచ్చాకే ఎంసీబీ ఎత్తాలి. ఖాళీ గీజర్‌లో కాయిల్ నిమిషాల్లో కాలిపోవచ్చు.